తాయారు మట్టి

చైత్ర శుద్ధ అష్టమి

ఈ రోజు తెల్లవారింది. మా కొత్తలంకలో శుద్ధ అష్టమికి తెల్లవారి బహుళ అష్టమికి పొద్దుగుంకుతుంది. నడుమ వచ్చే పౌర్ణమి మాకు మిట్టమధ్యాహ్నం. భూమి మీది వాళ్లు పున్నమి వెన్నెల అంటూ తలెత్తి మా వైపు చూసే వేళకి మేము ఇక్కడ వడియాలు ఎండబెట్టుకుంటూ ఉంటాము.

కప్పు మీది అద్దాలు తిప్పి ఎండ లోపలికి వదలగానే, ముందుగా ఆవిరి గొట్టం నా తొట్టికి పెట్టించుకున్నాను. పాత వేళ్లను ఒక్క పోగు మిగలకుండా ఏరేశాను. మట్టి జల్లెడ పట్టి, మూత కప్పి, మూడుసార్లు ఆవిరి పట్టాను. నిబంధన ప్రకారం ఒకసారి చాలు. కానీ పోయిన కాపులో నా వంగమొక్కలన్నీ వేరుకుళ్లుతో చచ్చిపోయాయి. చల్లారాక గుప్పిట్లోకి తీసుకుంటే మట్టి వరిపిండిలా జారింది. ఇంత శుభ్రమైన మట్టి ఈ వరసలో ఇంకెవరికీ లేదు.

వరసగా రెండు కాపులు పోతే తొట్టి చెయ్యి మారుతుంది. తొట్టితో పాటు పొయ్యి కూడా పోతుంది, ఎందుకంటే తొట్టి ఆకూ అలమూ మురిగితేనే ఇంటికి గ్యాసు. ఆ తరువాత ఉమ్మడి వంటశాలలో కంచం పట్టుకుని నిలబడటమే. ఈ తొట్టి మా అత్తగారు నా చేతికి ఇచ్చారు. పెళ్లయిన నాటి నుంచి ఇంట్లో ఏ పూటా నా చేతి వంట కాకుండా గడవలేదు.

ఎవరి తొట్టి పోతుందా అని పేరు రాయించుకుని కాచుకుని ఉన్నది పక్కింటి మంగతాయారు. వాళ్లింట్లో ఏడుగురు, ఒక తొట్టి చాలడం లేదట. ఆమె తొట్టికీ నా తొట్టికీ నడుమ రేకు ఒకటే అడ్డం.

నేను మూడోసారి మూత బిగిస్తుంటే జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"తెల్లారగానే మొదలెట్టేశావా వదినా? ఆ మట్టికి స్నానం చేయించి పౌడరు కూడా రాసేలా ఉన్నావే."

"శుభ్రం ఉంటే మంచిదే కదా తాయారూ."

"మంచిదే. నాకే ఒళ్లొంగదు" అని ఆవులించి వెళ్లిపోయింది.

ఆమె వంగమొక్కలు రేకు పైనుంచి నా వైపు వంగి ఉన్నాయి. ఆకు మీద ఊదారంగు మెరుపు. ఒక్క మొక్కయినా వాడి ఉంటుందేమోనని కొస దాకా చూశాను. లేదు.

చైత్ర బహుళ దశమి

మొన్న పొద్దుగుంకింది. ఇక తెల్లవారే దాకా దీపాల వెలుగే. నారు నాటాను, మొక్కకీ మొక్కకీ మూరెడు ఎడం. నీళ్లు కొలిచి పోశాను. ఇక్కడ నీళ్లకు తొందర ఉండదు. చెంబు వంచాక కాసేపు ఆలోచించుకుని దిగుతాయి.

తాయారు తొలికాపు పంపింది. తొలి కోతలో ఇరుగుపొరుగులకు గిన్నెడు పంచడం ఇక్కడి పద్ధతి. అది బాగానే ఉంది గానీ, గిన్నె ఇస్తూ ఆమె అన్న మాట మాత్రం బాగా లేదు.

"మరీ విరగకాసేశాయి వదినా. ఏం చేసుకోవాలో తోచక చస్తున్నాం."

తోచక చావడం అంటే ఏమిటో నాకు తెలుసు. అది కాయలు ఎక్కువై రాదు.

గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక వడియాలు పోసి పంపాను. ఆ కాయలతోనే గుత్తివంకాయ చేశాను. మా ఆయన గవర్రాజు గారు ఊరికి గాలి ఆడించే మరల డ్యూటీ దిగి వచ్చి అన్నానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిని, "తాయారు కాయలు కదూ. వెన్నలా ఉన్నాయి" అన్నారు. కారం నేను దంచాను. కూరడం, వేయించడం నా చేతి మీదే జరిగాయి. వెన్న మాత్రం తాయారుదట.

"ఇంకో రెండు వెయ్యవే" అన్నారు.

"అయిపోయాయి" అన్నాను. గిన్నె అడుగున నాలుగున్నాయి.

వైశాఖ శుద్ధ పంచమి

తొట్టిలో మూడో వరసలో ఒక మొక్క తల వేలాడేసింది. నీరు తక్కువైందేమో అనుకున్నాను. కాదు. పీకి చూస్తే వేరు గోధుమరంగుకు తిరిగి, వేళ్లతో లాగితే పైతొక్క ఒరలా ఊడివచ్చింది. లోపల దారం ఒక్కటే మిగిలింది. వాసన నాకు బాగా తెలిసినదే.

వేరుకుళ్లు ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలుసు. కొత్తలంకలో నీళ్లు అందరివీ ఒకటే. ఒకరు పోసిన నీరు ఇంకి, వడకట్టుకుని మళ్లీ అందరి కుళాయిల్లోకీ వస్తుంది. కుళ్లూ దానితోనే వస్తుంది. అదే నీరు తాయారు తొట్టికీ పోతుంది. మరి దానికి ఎందుకు రాదు?

ఏదో మందు దాచుకుందని నా అనుమానం.

వైశాఖ శుద్ధ అష్టమి

తెల్లవారింది. నా మొక్కల్లో మూడో వంతు పోయాయి.

ఈ రోజు తాయారుకి ఆవిరి వంతు. మందేదో ఇప్పుడే కలుపుతుందని, అల్లం తరుగుతున్న నెపంతో గుమ్మంలోనే కూర్చున్నాను. ఆమె పాత మొక్కల్ని కత్తెరతో మొదలంటా కత్తిరించింది. వేళ్లు తియ్యలేదు. గొట్టం తెచ్చి తొట్టి పక్కన పడేసి, మూత పైన పరిచి, దాని మీదే చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. వంతు అయిపోయే దాకా నిద్రపోయింది. తరువాత లేచి, గొట్టం చుట్టి, పాత మోళ్ల మధ్యన చిన్న గుంటలు చేసి కొత్త నారు గుచ్చింది.

నీళ్లకు వెళ్లినప్పుడు ఆమె మూత తడిమి చూశాను. పొడిగా ఉంది. మడతల్లో దుమ్ము పేరుకుని ఉంది. ఈ ఏడాదే కాదు, ఎన్నేళ్లుగానో ఆ మూత ఆవిరి చూడలేదు.

మందూ లేదు మాకూ లేదు. బద్ధకం, అంతే. మూడుసార్లు ఆవిరి పట్టిన నా చేతులు కాలి బొబ్బలెక్కాయి. ఆవిడ తొట్టి మీద పడుకుని లేచింది, కాయలు కాశాయి. ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతోంది.

వైశాఖ పౌర్ణమి

మా అమ్మాయి హైమ బడి నుంచి తిన్నగా ఇంటికి రాలేదు. తాయారు ఇంట్లో వంకాయ పచ్చడి వేసుకుని అన్నం తిని వచ్చింది.

"ఇంట్లో ఏం తక్కువైందే?" అన్నాను.

"తక్కువని కాదమ్మా. అత్త రమ్మంది. అక్కడ నవ్వుతూ తినొచ్చు."

చీర మార్చుకుని తొట్ల పెద్ద పేర్రాజు గారి ఇంటికి వెళ్లాను. తాయారు మట్టికి ఆవిరి పట్టడం లేదనీ, పాత వేళ్లు తీయడం లేదనీ, ఇరవై తొట్ల వరసకు అది ప్రమాదమనీ చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజమే.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు చెప్పారంటే చూసే చెప్పి ఉంటారు సుభాషిణి గారూ. వచ్చే తెల్లవారుకి నలుగురి ఎదుటా మొక్కలు పీకించి, మట్టి ఉడికిద్దాం. మీ పేరు బయటికి రానివ్వను."

ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను. ఆ సంగతి కూడా రాస్తున్నాను.

వైశాఖ బహుళ పంచమి

నా తొట్టిలో ఇప్పుడు నిలబడి ఉన్న మొక్క ఒక్కటే. చుట్టూ అన్నీ పడిపోగా నడుమ అదొక్కటి ఏపుగా, మెరుస్తూ ఉంది. అదెందుకు చావలేదో అర్థం కాక హైమని పిలిచాను. అది నేల చూపులు చూసింది.

"అది మన నారు కాదమ్మా. మొదటిది చచ్చిపోయాక ఇంకొకటి వాడింది, నువ్వు చూస్తే బాధపడతావని దాని చోట తాయారత్తని అడిగి మొక్క తెచ్చి పెట్టాను. మట్టిగడ్డతో సహా ఇచ్చింది."

పిల్లని పక్కకు నెట్టి మొక్క పెకలించాను. వేళ్లు తెల్లగా ఉన్నాయి. మట్టి వాటిని వదల్లేదు. దులిపినా అంటుకునే ఉంది. హైమ బడి భూతద్దం తెచ్చింది. వేళ్ల చుట్టూ, వేళ్లు దాటి మట్టిలోకీ సన్నటి తెల్లదారాలు, పాలమీగడ పొరలో పోగుల్లాగా. వాసన చూస్తే పచ్చి పుట్టగొడుగు వాసన.

"బూజు" అన్నాను.

"శిలీంధ్రం అంటారమ్మా. భూమి మీద చెట్ల వేళ్లకి ఇలా ఉంటుందని బడిలో చెప్పారు. వేరు అందుకోలేని చోటికి పోయి నీళ్లూ ఉప్పులూ తెచ్చిపెడుతుందట. చెట్టు దానికి తీపి పెడుతుందట."

బూజంటే నాకు ఊరగాయ జాడీలో కనబడేదే తెలుసు. కనబడితే గుడ్డతో తుడిచి, జాడీ ఎండబెట్టే మనిషిని నేను. ఊహ సరే, పరీక్ష చేసి చూడాలి. మూడు గ్లాసుల్లో నా ఉడికించిన మట్టి పోశాను. ఒకదాంట్లో ఏమీ కలపలేదు. రెండోదాంట్లో తాయారు మట్టి చిటికెడు. మూడోదాంట్లో అదే చిటికెడు, కానీ నీళ్లలో మరిగించి. మూడింటిలోనూ వంగనారు పెట్టి, మూడింటికీ కుళ్లిన వేరు ముక్క తగిలించాను.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

మొదటి గ్లాసులో మొక్క పోయింది. మరిగించిన చిటికెడు వేసిన గ్లాసులోనూ పోయింది. పచ్చి చిటికెడు వేసిన మొక్క కొత్త ఆకు వేసింది.

ఆ మొక్క తీసి భూతద్దం కింద పెట్టాను. వేరు చుట్టూ తెల్లదారాలు అల్లుకుని ఉన్నాయి. కుళ్లు తగిలించిన చోట ఇంకొక రకం దారం, కాస్త ఆకుపచ్చది, కుళ్లు పోగుని జడకు రిబ్బను చుట్టినట్టు చుట్టేసి దాన్ని పిప్పి చేసింది.

అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. ఇల్లు ఖాళీ చేయించి, కడిగి, తలుపులు బార్లా తీసి, ముందు ఎవరొస్తే వాళ్లకు అప్పజెప్పాను. ముందుగా వచ్చేది ఎప్పుడూ కుళ్లే, నీళ్ల వెంట వస్తుంది. తాయారు తొట్టి మనుషులున్న ఇల్లు. వేరు మీద జాగా ఖాళీ లేదు, కుళ్లు వచ్చినా కూర్చునే చోటు లేదు. ఒకసారి ఆవిరి పట్టి ఉంటే కొన్నయినా మిగిలేవేమో. నేను మూడుసార్లు పట్టాను.

పాత వేళ్లు నేలలోనే వదిలేసింది కాబట్టి వాటిని పట్టుకుని అవి ఏళ్ల తరబడి బతికాయి. ఇక్కడ అందరూ నిబంధన ప్రకారం ఆవిరి పడతారు. ఈ దారాలు సజీవంగా ఉన్నది ఆ ఒక్క తొట్టిలోనే. ఇంకో మూడు రోజుల్లో తెల్లవారితే దాన్ని ఉడికిస్తారు. ఉడికించమని చెప్పింది నేను.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

బాల్చీ పట్టుకుని తాయారు ఇంటికి వెళ్లాను. నా ఆలోచన ఏమిటో దాచకుండా రాస్తాను. ఒక బాల్చీ మట్టి తెచ్చి నా దగ్గర ఉంచుకుంటే, రేపు ఆమెది ఉడికిపోయాక కొత్తలంక మొత్తానికి బతికున్న మట్టి నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. ఈ కాపు పోయినా సరే, పేర్రాజు గారి ముందు నేనే నిలబడి చూపిస్తాను. అందరూ నా గుమ్మానికి వస్తారు.

"కొంచెం మట్టి కావాలి తాయారూ."

"కొంచెం ఏంటొదినా, మొత్తం పట్టుకుపో. రేపెలాగూ ఉడకబెట్టేస్తారంట." ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఎవరో వెళ్లి చెప్పారంట. ఎవరికి ఏం అన్యాయం చేశానో నాకైతే తెలీదు. మా అత్త పొద్దున్నించీ ముద్ద ముట్టలేదు, మొక్కలు పీకేస్తారని."

"ఆవిరి పట్టుకోవచ్చు కదా నువ్వు, ఈ గొడవ లేకుండా."

"ఆ గొట్టం మొయ్యలేక పడుకున్నాను వదినా. అంతకంటే ఏం లేదు. నీలాంటి ఓపిక నాకెక్కడిది." మోళ్ల చుట్టూ తనే తవ్వి నా బాల్చీ నింపింది. "నీ మొక్కలు పోయాయని హైమ చెప్పింది. దీంతో బాగుపడితే అంతే చాలు."

బాల్చీ ఇంటికి తెచ్చి తడిగుడ్డ కప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంతో సులువుగా ఉండేది.

జ్యేష్ఠ శుద్ధ అష్టమి

అద్దాలు తిరిగాయి. పేర్రాజు గారు, వరసలోని ఆడవాళ్లు, పనిమీద వెళ్లని మగవాళ్లు తాయారు తొట్టి చుట్టూ చేరారు. తాయారు గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. మూత ఆమె సరిగ్గా బిగించలేకపోతోంది. అలవాటు లేని పని.

కవాటం మీద పేర్రాజు గారు చెయ్యి వేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇంకొక్క క్షణం ఊరుకుంటే సరిపోతుంది. బాల్చీ ఇంట్లో భద్రంగా ఉంది.

"ఆగండి" అన్నాను.

ఇంట్లోంచి గ్లాసులు మూడూ తెచ్చి తొట్టి గట్టు మీద పెట్టాను. ఏ గ్లాసులో ఏం వేశానో చెప్పాను. భూతద్దం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇచ్చాను. అప్పటికే కుళ్లు పట్టిన మొక్కని ఈ మట్టి బతికించదు గానీ, దీన్ని ఉడికిస్తే వేరుకుళ్లుని అడ్డుకునేది ఇంకెక్కడా దొరకదని చెప్పాను.

పేర్రాజు గారికి కోపం వచ్చింది. "అదేంటండీ. ఉడికించాలని పట్టుబట్టింది మీరే కదా? నా ఇంటికొచ్చి ఫిర్యాదు చేసింది మీరే. ఇప్పుడు మీరే వద్దంటే నలుగుర్లో నేనేం కావాలి?"

అందరూ నా వైపు చూశారు. తాయారు గొట్టం కింద పెట్టింది.

"నువ్వా వదినా" అంది చివరికి. "అదే అనుకున్నా. నా తొట్టిని నాకంటే ఎక్కువ చూసింది నువ్వే. నేనైతే ఎప్పుడూ సరిగ్గా చూళ్లేదు."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

గ్లాసులు ఇంకోసారి చూసి పేర్రాజు గారు కవాటం మీంచి చెయ్యి తీశారు. ఇక మీదట ఎవరూ ఆవిరి పట్టనక్కర్లేదనీ, ఈ మట్టి అందరికీ పంచాలనీ అక్కడికక్కడే తేలింది. అందరూ వెళ్లాక నేను నా తొట్టి సంగతి అడిగాను.

"అది వేరే సంగతండి" అన్నారాయన, నా మొహం చూడకుండా. "మీది రెండో కాపు కూడా పోయింది. కుళ్లు పట్టిన మొక్కని మట్టి బతికించదని మీరే చెప్పారు. మీకు సడలిస్తే రేపు ప్రతివాళ్లకీ సడలించాలి. జాబితాలో మొదటి పేరు ఎవరిదో వాళ్లకే వెళ్తుంది."

ఆషాఢ శుద్ధ దశమి

తాయారు వాళ్లాయన వచ్చి రేకు ఊడదీశారు. ఇప్పుడు రెండు తొట్లూ కలిసిపోయి ఒకటే పొడుగు తొట్టిలా ఉంది. గ్యాసు గొట్టం వాళ్ల వైపు తిప్పారు. నేను పొయ్యి కడిగి, తుడిచి, దాని మీద గుడ్డ కప్పాను.

మధ్యాహ్నం మొదటిసారి వంటశాలకు వెళ్లాం. మా ఆయన పులుసు మెచ్చుకోబోయి ఆగిపోయారు. ఆయన మంచివారే. మెచ్చుకుని ఉన్నా నేను ఏమీ అనేదాన్ని కాదు. ఏమో, అని ఉండేదాన్నే.

భాద్రపద శుద్ధ ద్వాదశి

మట్టి కోసం జనం ఇంకా వస్తున్నారు. తాయారు మధ్యాహ్నం పడుకుంటుంది కనుక ఇచ్చేది నేనే. మోళ్ల చుట్టూ తవ్వి, వేళ్ల ముక్కలు తుంచి కలిపి, ఇంటికి ఇంత అని కొలిచి ఇస్తాను. ఎంత నీరు పోయాలో, ఎరువు ఎందుకు తగ్గించాలో, మొక్కను పీకకుండా ఎందుకు కత్తిరించాలో చెబుతాను. ఇదంతా పరీక్ష పెట్టి కనుక్కున్నది నేను. దానికి జనం పెట్టిన పేరు 'తాయారు మట్టి'. "తాయారు మట్టి ఉందాండీ" అని నన్నే అడుగుతారు.

జాబితాలో ఇప్పుడు మొదటి పేరు నాది. ఎవరి తొట్టి అయినా రెండు కాపులు పోతే అది నాకు వస్తుంది. కానీ ఈ మట్టి పడ్డ ఏ తొట్టీ పోవడం లేదు. గుప్పెడు గుప్పెడు కొలిచి ఇచ్చేది నేనే కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలుసు.

ఒక్క తొట్టి మిగిలింది. చివరి వరసలో రత్నమాల అనే కొత్త కోడలిది. ఒక కాపు ఇప్పటికే పోయింది. ఈ రోజు అటు వెళుతుంటే ఆమె తొట్టికి మూత బిగించి, పాత ఆవిరి గొట్టం తగిలిస్తూ కనబడింది.

"నిన్ననే కదా మట్టి పట్టుకెళ్లావు. కలపలేదా?"

"కలిపానండి. రెండూ చేస్తే రెండింతలు బాగుంటుందని, పైన ఆవిరి కూడా పడుతున్నాను."

పక్కనే ఆమె పొయ్యి. దాని మీద చిన్న గిన్నెలో పప్పు ఉడుకుతోంది, ఇంగువ వాసన వస్తోంది. ఇలాగే నడుచుకుంటూ వెళ్లిపోతే చాలు. మార్గశిరం నాటికి ఆ పొయ్యి నాది. నేను ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు.

నాలుగు అడుగులు వేశాను. వెనక్కి వచ్చాను.

"ఆవిరి పట్టకు. కలిపినదంతా చచ్చిపోతుంది."

ఆమె అనుమానంగా చూసింది. "ఏమో అత్తయ్య గారూ. మీరు ఏమనుకోనంటే... మీ తొట్టి రెండుసార్లు పోయిందంట కదా. ఇది మీ మాటా, తాయారు గారి మాటా?"

గొట్టంలో ఆవిరి ఎక్కుతున్న చప్పుడు వినబడుతోంది. వివరించే వ్యవధి లేదు. గ్లాసులూ భూతద్దమూ నా దగ్గర లేవు.

"తాయారు మాటే" అన్నాను.

ఆమె వెంటనే కవాటం కట్టేసింది. వంటశాలలో గంట కొట్టారు. నేను వెళ్లి కంచం తీసుకుని వరసలో నిలబడ్డాను.